చలి మీద చాడీలు

గౌరీ,

ఇది మీ అమ్మకు చదివి వినిపించు, మీ మామ కదిరప్ప చెవిన మాత్రం వేయొద్దు. వాని పడక పంచలోకి మార్చి, ముదిగుబ్బ కంబళి ఇయ్యండి. ఊయల దగ్గరికి రానీయొద్దు. బాలింతవు, నీకు గాలి తగులుతాదని మీ అమ్మ కిటికీ మూస్తే మళ్ళా తెరువు. బిడ్డకు చెవులదాకా గుడ్డ చుట్టు.

"మీ ధర్మవరం చలిగాలికే నాకీ దగ్గు" అంటాండాడు మీ మామ. అది ఉత్త గాలిమాట! హిందూపురం నుంచి వచ్చి రైలు దిగేటప్పుడే దగ్గుతా దిగినాడు. ఏటా చలికాలం పట్టుపోగు తెగుతాదని మగ్గం గది తలుపులు బిగించి, ఒకరి ఊపిరి ఒకరం పీలుస్తాము. పోగూ తెగదు, దగ్గూ తెగదు! తిట్లు మాత్రం చలికి. నా అనుమానం ఆ మూసిన తలుపు మీదే. దగ్గరోళ్ళకు అంటుకుంటాది కాబట్టే అది దగ్గు! తమ్ముణ్ణి అన్నానని మీ అమ్మ మూతి ముడిస్తే, ముక్కు కూడా మూసుకోమను.

పెనుకొండలో చీరలిచ్చి రేపు వస్తా.

నాయన

మరిచినా. మనవణ్ణి ఎత్తుకోకుండా పోయినానని అలగొద్దు. రాత్రినుంచి నా గొంతూ గరగరమంటాండాది. గడప ఇవతల నుంచే చూసి పోతాండా. వచ్చినాక నా పడకా పంచలోనే వెయ్యి, మీ మామకు దూరంగా.