ఫొటో కోసం ఒలిపించుకున్న ముఖం

గురువులు బావకు,

నెలాఖరున నా రిటైర్మెంటు సభకు నేను రాకపోవడానికి కారణం చావు కాదు. శ్రీకాకుళంలో మావాళ్లెవరూ పోలేదు. సభ అయ్యాక నాకు వేయాల్సిన దండ పట్టుకుని నువ్వు మా గుమ్మంలో నిలబడ్డప్పుడు నేను లోపలి గదిలోనే ఉన్నాను. "ఎవులు పోనారు సెల్లీ?" అని నువ్వడిగితే మా ఆవిడ మంగ, ఎవరో దూరపు చుట్టమని చెప్పింది. ఆ అబద్ధం తనకు నేర్పింది నేనే.

ప్లాంటులో మనం కలిసి పనిచేసిన ముప్పై నాలుగేళ్లూ, నలుపన్న బిడియంతో ప్రతి గ్రూపు ఫొటోలో వెనక వరుసలో నక్కాను. ఈ ఒక్క ఫొటోలోనైనా బాగుండాలని మధురవాడలో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లి పీల్ చేయించుకున్నాను. ముఖానికి యాసిడ్ లాంటిదేదో రాస్తే పాత చర్మం ఊడి కొత్తది వస్తుంది. వారం రోజులు ఎండలోకి వెళ్లొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నేను వినకుండా మర్నాడే బండి మీద భీమిలి వెళ్లొచ్చాను. సభ నాటికి బుగ్గలు కమిలి మచ్చలు తేలాయి. ఈ వయసులో ఇదేం సోకంటూ నవ్వుతారని దాక్కున్నాను.

వెళ్తూ నువ్వన్నది విన్నాను. "బావ కుర్సీ ఖాళీగా ఒగ్గేసి ఫొటో తీయించినాం సెల్లీ. ఒచ్చేక ఈ ఫొటో సూపించు."

చిన్నప్పుడు స్టవ్ పేలి నీ ముఖం సగం కాలింది. అయినా నువ్వు ఏనాడూ ముందు వరుస వదల్లేదు. అందుకే అందరికన్నా నీ ఎదుట పడడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఆదివారం మీ ఇంటికి వస్తాను. మచ్చలు ఇంకా పోలేదు. ముఖానికి గుడ్డ కట్టుకోకుండానే వస్తాను.

నీ బావ