ఆ ఆర్డర్ ఎవరిది

మంగళవారం, తార్నాక

పోలీస్ కమిషనర్ ఉద్యోగానికి రాజీనామా చేసి ఎంపీ ఎన్నికల్లో దిగాక, ఈ రోజు మొదటిసారి యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్లాను. ఏళ్ల కిందట అక్కడి విద్యార్థులపై జరిగిన లాఠీచార్జి గురించి ఎవరైనా అడిగితే, ఆర్డర్ పైనుంచి వచ్చిందని చెప్పమన్నాడు మా పార్టీ కార్యదర్శి.

యాదగిరి అనే లెక్చరర్ లేచి అడగనే అడిగాడు. లాఠీచార్జి నాటికి అతను అక్కడే విద్యార్థి.

"సార్, ఆ దినం మమ్మల్ని కొట్టుమన్నది ఎవరు?"

"నేనే," అన్నాను. కార్యదర్శి వెనక నుంచి నా చొక్కా లాగాడు.

యాదగిరి కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. మోచెయ్యి సగం వరకే చాపగలుగుతున్నాడు.

"ఇన్నేండ్లసంది ఈ ఒక్క మాట కోసం చూస్తున్న సార్. ఓటు మాత్రం మీకు వెయ్య."

"వెయ్యకు తమ్మీ," అన్నాను. హాల్లో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

కారెక్కాక కార్యదర్శి తల పట్టుకున్నాడు. "గీ క్యాంపస్ ఓట్లన్నీ పోయినయ్ సార్!" పోతే పోనీ అనుకున్నాను. నిజం చెప్పానన్న తృప్తితోనే ఇల్లు చేరాను, అన్నం కూడా బాగానే తిన్నాను.

ఇది రాస్తుంటే తెలిసింది. ఆర్డర్ నాదేనని చెప్పాను గానీ, తప్పయిందని ఒక్కసారీ అనలేదు. హాల్లో నాకు తట్టలేదు. యాదగిరి మాత్రం కూర్చునే ముందు కాసేపు నా వంకే చూస్తూ నిలబడ్డాడు...