వంతెన దిగువన ధాన్యం

మంగళవారం, రాత్రి

 

మధ్యాహ్నం కొట్టు కట్టేసి భోజనానికి వస్తూ కాలువ వంతెన మీద నా బ్యాటరీ చక్రాల కుర్చీ ఆపాను. నిన్న చార్జింగు పెట్టడం మరిచాను, బ్యాటరీ ఒక్క గీతే చూపిస్తోంది. కాళ్లు బాగున్నప్పుడు ఆ వంతెన మీద బైకు ఇంజను ఆపేసి, పెట్రోలు మిగిలిందని మురిసిపోతూ దిగేవాణ్ణి. అదే బుద్ధి పుట్టింది. వంగి, చక్రాల పక్కనున్న రెండు లివర్లూ తిప్పి, చక్రాలు వాటంతటవే దొర్లేలా మోటార్లను విడిపించాను. బ్రేకు ఆ మోటార్లలోనే ఉందని అమ్మినతను రెండుసార్లు చెప్పాడు. విన్నాను కూడా.

కుర్చీ జారింది. మామూలుగా నడిపే జాయ్‌స్టిక్ వదిలేస్తే ఆగుతుంది; వదిలేశాను, ఆగలేదు. వెనక్కి లాగాను, ఆగలేదు. ఎదురుగా మెయిన్ రోడ్డు, లారీ హారన్. మూడేళ్లుగా చచ్చుబడిన నా కుడికాలు బ్రేకు కోసం వెతికింది. కదల్లేదు, కానీ వెతికింది.

ఆపింది వంతెన కింది ఇంటి సత్యవతి గారి ధాన్యం. దిగువన రోడ్డు మీద ఆరబోసిన వడ్లలో చక్రాలు కూరుకుపోయాయి. పొద్దున కొట్టుకి వెళ్తూ, "రోడ్డేమైనా మీ కళ్లమనుకున్నారా?" అని ఆవిడ మీదే అరిచాను.

ఆవిడ పరుగెత్తుకొచ్చి, "అయ్యో, మళ్లీ మీకు అడ్డమొచ్చిందాండి? రేపు ఎత్తేస్తానండి" అన్నారు. వద్దనకుండానే లివర్లు మళ్లీ వెనక్కి తిప్పి, బ్రేకు పడ్డాక ఇంటికొచ్చేశాను.

ఇంట్లో నా భార్య సుభద్ర చక్రాల్లోంచి గింజలు ఏరుతూ, "ఏంటండీ, ఆవిడ ఇంకా దారికి అడ్డంగానే పోసిందా?" అంది.

"పోసింది" అన్నాను.