రెండు రింగులు

జనవరి 6, సోమవారం

నాందేడ్‌లో ఈ పంపుసెట్ల ఆఫీసులో చేరి ఏడు నెలలు. ఇవాళే మొదటిసారి గట్టిగా మాట్లాడాను, అదీ మైకులో. నిలేశ్ సార్ కొత్త ఐవీఆర్ పెట్టించారు, ఫోను తనే ఎత్తి మాట్లాడే మెషీన్. మరాఠీకీ, తెలుగుకీ, హిందీకీ నా గొంతే. మోటారు కాలితే ఒకటి నొక్కండి. స్పేర్ పార్టులకు రెండు నొక్కండి. కాన్వెంటు అసెంబ్లీలో పదేళ్లు వార్తలు చదివాను కాబట్టి చదవడం వచ్చు. మాట్లాడటమే రాదు. ఒకే టేకులో అయిపోయింది.

బాబురావ్ కాకా తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ ఫోనెత్తేది ఆయనే. నెలాఖరు దాకా ట్రయల్. బాగుంటే ఆపరేటర్ టేబుల్ తీసేస్తారు. మస్తు సాఫ్ చదివినవ్ బిడ్డా అన్నారు. నిజంగానే మెచ్చుకున్నారు. మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా తెరవబుద్ధి కాలేదు.

జనవరి 9

కాకాకి పని లేదు. నా పుస్తకం అట్ట చూసి, ఇందుల దొంగలున్నరా అని అడిగారు. లేరన్నాను. మరెట్ల చదువుతవ్ అన్నారు.

చాయ్ వస్తే ఇప్పటికీ నా మొబైల్‌కి ఒక రింగిచ్చి పెట్టేస్తారు. నాలుగడుగుల దూరం నుంచి. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడతానని.

జనవరి 17, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. మిస్డ్ కాల్స్: సున్నా. ఇదివరకు రోజుకు అరవై ఉండేవట. నిలేశ్ సార్ గ్రూపులో పెట్టారు. అందరూ థంబ్స్ అప్. నేను కూడా.

జనవరి 20

మెకానిక్కులిద్దరూ క్యారమ్ ఆడుతున్నారు. శనగకు, గోధుమకు నీళ్లు పెట్టే రోజులు. నాందేడ్ జిల్లాలో ఒక్క మోటారూ కాలడం లేదా?

జనవరి 23, గురువారం

మాండవి నుంచి మైసవ్వ అనే రైతు రెండు బస్సులు మారి వచ్చింది. వస్తూనే, బాబురావ్ ఏడ సచ్చిండు అంది. మోటారు కాలి ఐదు దినాలాయె, దినాం రెండు రింగులు కొడ్దామని చేస్తున్న, రింగే పోనిస్తలేదు, ఎవ్వతో పిల్ల టక్కున ఎత్తుతది. నీ పేరేందే అంటే చెప్పది, గది నొక్కు గిది నొక్కు అంటది, గంత పొగరేందే దానికి?

మంచినీళ్లిచ్చింది నేనే. నోరు విప్పలేదు. విప్పితే గుర్తుపట్టేది.

కాకా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత నాకు చెప్పారు. ఒక రింగిచ్చి పెట్టేస్తే సామాను ధర కావాలి. రెండిస్తే మోటారు కాలింది. ఏ నంబరు ఎవరిదో, పేరూ ఊరూ కాకా నోటుబుక్కులో ఉంటాయి. తిరిగి చేసేది మనం. కాల్‌కి పైసలు పడే రోజుల్లో మొదలైంది, ఇప్పటికీ అంతే. మెషీన్ మొదటి రింగులోనే ఎత్తేస్తోంది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. రైతులు నువ్వు చెప్పిందే ఇంటున్నరు అనుకున్న బిడ్డా, నాతోని పని లేదనుకున్న అన్నారు.

మెకానిక్ మైసవ్వతోనే బయలుదేరాడు.

జనవరి 31, శుక్రవారం

మీటింగు. చెప్పాల్సింది కాగితం మీద రాసుకెళ్లాను. నిలబడి చదివాను. మెషీన్ ఎత్తిన పది సెకన్లలోపే తెగిపోయిన కాల్స్ ఈ నెలలో నాలుగు వందల పన్నెండు. అందులో చాలా నంబర్లు కాకా నోటుబుక్కులో ఉన్నాయి. ఫోను ముందు కాకా టేబుల్ మీద మోగాలి. నాలుగు రింగులయ్యాకే మెషీన్ ఎత్తాలి.

నిలేశ్ సార్ కాగితం తీసుకుని మళ్లీ చదివారు. కాకా, గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా అన్నారు. మీరు అడగలే గద సేఠ్ అన్నారు కాకా.

అక్కడి నుంచే మెషీన్ కంపెనీకి ఫోన్ చేశారు. ఒకటే సెట్టింగట. ఐదు నిమిషాలు. టేబుల్ ఉంటుంది. కాకా కూడా.

ఫిబ్రవరి 3

మిస్డ్ కాల్స్: యాభై ఎనిమిది. నిలేశ్ సార్ గ్రూపులో పెట్టలేదు. మెకానిక్కులు పొద్దున పోయినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు.

మైసవ్వ ఒక రింగు కొట్టింది. సామాను ధరకేమోనని కాకా తిరిగి చేస్తే, నీళ్లు మంచిగ పారుతున్నయ్ అని చెప్పి, ఆ పొగరు పిల్లను తీసేసిండ్రా అని అడిగిందట. తియ్యలే, మంచి పిల్లనే అన్నారట కాకా.

ఫిబ్రవరి 4

మొబైల్ ఒకసారి మోగి ఆగింది. పుస్తకంలోంచి తలెత్తకుండానే చాయ్ అందుకుని తాగాను. వెంటనే కాకాకి రెండు రింగులిచ్చాను.

ఏం కాలింది బిడ్డా అని అటునుంచి అరిచారు.

నాలిక, అని నేనూ అరిచాను.