పిడుగు కడ్డీ, బాబాయి కుర్చీ

బాబాయికి,

మందిరం పైకప్పు మీద నేను బిగించిన పిడుగు కడ్డీ పీకెయ్యమని కమిటీ పెద్దగా మీరు పంపిన కబురు అందింది. "దేవుడి ఇంటికి ఇనుప కాపలా ఏంట్రా, ఆయన్ని అవమానించినట్టు కాదూ?" అన్నారట. అది ఇనుము కాదు, రాగి. మిగతాది మీ ఇష్టం.

మీ తర్కమే నాకు అంతుపట్టదు. పోయినేడు సారా కొట్టు మీద పిడుగు పడితే దేవుడి శిక్ష అన్నారు. నెల తిరక్కుండా మందిరం మీదే పడి, గంట వేలాడే దూలం చీలిపోతే దేవుడి పరీక్ష అన్నారు. మీ ఇంటిమీద పడకపోవడం మాత్రం దేవుడి దయ! పిడుగు ఎటు పడినా మీరే గెలిచే ఈ ఆటలో, మీరు ఓడిపోవాలంటే ఏం జరగాలో కాస్త సెలవివ్వండి. అడిగితే "నోరు మూసుకుని నమ్మరా" అంటారు.

నమ్మకం మీద నాకు కోపం లేదు. అమ్మా నమ్ముతుంది. ఎంత ఉరుముతున్నా ఆ దూలం కింద తన చాప మీంచి లేవదు. ఆవిడ కోసమే ఆ కడ్డీ బిగించాను. ఆవిడే నవ్వుతూ ఇంకో మాట చెప్పింది. దూలం చీలిన మర్నాటి నుంచి మీ కుర్చీ దాని కింద లేదట, గుమ్మం దగ్గరకు జరిగిందట. "గాలి కోసం వదినా" అన్నారట.

మబ్బు పట్టినా సరే, ఎల్లుండి నిచ్చెన తీసుకుని వస్తాను. ముందు లోపలికి తొంగి చూస్తాను. మీ కుర్చీ మళ్లీ దూలం కింద, మీ వదిన పక్కన కనిపిస్తేనే కడ్డీ విప్పడానికి సంచిలోంచి పానా తీస్తాను.

మీ అన్నగారి అబ్బాయి