వడ్లల్ల నేర్చిన అడుగు

అవ్వా, నేను మంచిగున్న. ఫోన్ల నీకు సరిగ వినిపిస్తలేదని కార్డు రాస్తున్న, చెల్లెతోని చదివించుకో.

మా డ్యాన్స్ స్కూల్ పిల్లలు కామారెడ్డి పోటీలల్ల ఫస్ట్ వచ్చిండ్రు! ఎల్లారెడ్డిల వడ్లు ఎండబోసే కల్లం మీదనే మా క్లాసు గద. కోతలప్పుడు కల్లమంత వడ్లు పోస్తే, క్లాసు బంద్ అని నేనే చెప్పిన. పన్నెండేండ్ల మానస, "వడ్లల్లనే ఆడుదం మేడం" అన్నది. చిన్నప్పుడు నువ్వు నాకు చూపెట్టినట్టే, కాళ్లు ఈడ్చుకుంట వడ్లు తిరగేసుడు నేర్పిన. వారం దినాలు ఇరవై మంది వరుస కట్టి తిరగేసిండ్రు. "ఈ గంతులేంది" అని మొదట్ల మమ్ముల కల్లం మీదికెల్లి ఎల్లగొట్టిన నర్సింహులు పటేలే కూసోని చప్పట్లతోని తాళం ఏసిండు. గదే అడుగు పిల్లలు పోటీల స్టేజీ మీద ఏసిండ్రు.

"ఈ అడుగు ఎవరు కట్టిండ్రు?" అని జడ్జి అడిగితే పిల్లలు నన్ను చూపెట్టిండ్రు. నేను కాదనలే. శాలువ కప్పించుకున్న.

మోకాళ్ల నొప్పి ఎట్లుంది? నూనె అయిపోయిందా? నా పాత గజ్జెలు ఇంట్ల సందుగ పెట్టెల ఉన్నయి, మానసకు కావాలె, పంపు. వద్దు, నువ్వే పట్టుకొని రా. శాలువ మడత పెట్టి దాచిన. పిల్లల ముందట నీకు కప్పి, అడుగు నీదని చెప్పాలె.

బాపుకు దండాలు.

నీ బిడ్డ,
స్వరూప