నా భుజాల కొలత

మార్చి 9

క్రీము పోయింది. పొద్దున ఫ్రిజ్ తలుపు తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. రాత్రి గట్టిగా నిలబడ్డ క్రీము తెల్లారేసరికి గంజిలా జారిపోతోంది. లోపల చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. కొని ఆరు నెలలు కాలేదు. మధ్యాహ్నం దానంతటదే గుర్రుమని మొదలెట్టి చల్లబడింది, ఏమీ ఎరగనట్టు. నంగనాచి తుంగబుర్ర.

ఆర్డరు తీసుకున్న పుట్టినరోజు కేకు సాయంత్రానికి ఇవ్వలేనని ఆ పుట్టినరోజు పిల్ల తల్లికి ఫోన్ చేశాను. ఆవిడ సరేలెండి అని పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

మార్చి 12

మళ్ళీ అదే. ఈయనకి చెప్తే, తలుపు ఊరికే తీస్తుంటావు, పాపం దానికి ఊపిరాడదు అన్నారు. ఫ్రిజ్‌కి ఊపిరాడటం లేదట! నాకు ఆడుతోందా అని ఒక్కనాడు అడగలేదు ఈ మనిషి.

వంటింట్లోంచి హాల్లోకి రావాలంటే ఇప్పుడొక సందు, అంతే. పోయిన నెలదాకా అది నడవ. అత్తయ్య జారిపడి తుంటి విరిగాక మెట్లు దిగి కిందున్న బాత్రూముకి వెళ్ళలేకపోతోందని ఈయన నడవలోనే ఆవిడకి బాత్రూము కట్టారు. మంచి పనే, కాదనను. కానీ దానికి కావలసిన చోటంతా నడవలోంచే లాగారు. పక్కనే ఈయన సామాన్ల గది ఉంది. విరిగిన టైల్సూ, ఎండిపోయిన పెయింటు డబ్బాలూ, ఎప్పటికైనా పనికొస్తాయనే పైపు ముక్కలూ. అందులోంచి ఒక జానెడు తీసుకోండి అంటే, అందులో చాలా ముఖ్యమైనవి ఉన్నాయన్నారు.

కట్టేముందు నన్ను పిలిచి నిలబెట్టారు. చేతులు దగ్గరగా పెట్టుకో అన్నారు. నా భుజాలకి అటూ ఇటూ సుద్దముక్కతో గీత గీసి, పైన ఇంకో రెండు వేళ్ళు వదిలి, చాలు, ఇటు తిరిగేది నువ్వే కదా అన్నారు. టైల్స్ షాపులో పని. ఊళ్ళో అందరి ఇళ్ళకీ వెళ్ళి టేపు పెట్టి అంగుళం తేడా రాకుండా కొలుస్తారు. సొంతింటిని మాత్రం పెళ్ళాంతో కొలిచారు. అప్పుడు నేనూ నవ్వాను. అదీ రాసుకోవాలి.

ఏప్రిల్ 2

కంపెనీకి కంప్లైంట్ ఇచ్చాను. టెక్నీషియన్ పది నుంచి అయిదు మధ్యలో ఎప్పుడైనా వస్తాడట, ఇల్లు కదలొద్దట.

రాలేదు.

ఏప్రిల్ 3

ఇవాళ కూడా పది నుంచి అయిదు.

ఏప్రిల్ 6

వచ్చాడు. భుజాన బ్యాగుతో ఆ సందులో పీతలా అడ్డంగా నడిచి వచ్చాడు. తలుపు తీశాడు, చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూసి, బాగానే ఉందిగా మేడమ్ అన్నాడు. రాత్రి చచ్చిపోతుంది, పగలు బతుకుతుంది అంటే, నేను దెయ్యం కథ చెప్తున్నట్టు చూశాడు. కాగితం మీద ఓకే అని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. అత్తయ్య మంచం మీంచి, టీ అయినా ఇచ్చి పంపవే అంది. మర్యాద మాత్రం తప్పకూడదు మాకు.

ఏప్రిల్ 19

మంచి సంగతి ఒకటి. మూలమలుపు దగ్గర బేకరీ ఆవిడ నా చిన్న కేకు తిని కబురు పెట్టింది. వెళ్ళాను. వాళ్ళ దగ్గర రొట్టెలూ బిస్కెట్లే తప్ప క్రీము కేకులు లేవు. రోజూ ఇంటి దగ్గర క్రీమూ, కేకులూ తయారు చేసుకొచ్చి, పొద్దున్నే తన షాపులో కిటికీ పక్క టేబుల్ దగ్గర నిలబడి అలంకరించమంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తారట. కిటికీ పెద్దది. బయట రోడ్డు, చెట్టు, బస్టాపు.

రోజూ పొద్దున్నే ఇంట్లోంచి బయటికి. ఎవరికో మందులు తేవడానికి కాదు, కూరగాయలకి కాదు. నా పనికి. ఇంటికి వస్తూ దారంతా నాలో నేనే నవ్వుకున్నాను, ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్ళో.

తలుపు తీసేసరికి నంగనాచి మళ్ళీ వెచ్చగా ఉంది.

మే 8

నాలుగోసారి టెక్నీషియన్. నాలుగోసారి ఓకే.

మే 21

ఐసు గిన్నె మీద నాణెం పెట్టాను. గిన్నెలో నీళ్ళు గడ్డకట్టాక పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టి వదిలేశాను. ఐసు కరగకపోతే బిళ్ళ పైనే ఉండాలి కదా. పొద్దున చూస్తే బిళ్ళ ఐసు అడుగున ఉంది. అంటే రాత్రి అంతా కరిగి, మళ్ళీ గడ్డకట్టింది. దొరికావే దొంగమొహమా!

ఫోటో తీసి కంపెనీకి పంపాను. మీ ఫిర్యాదు మాకు చాలా విలువైనది అని జవాబొచ్చింది.

జూన్ 14

వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. లాయరు అక్కర్లేదట, మనమే వేసుకోవచ్చట. మెట్ల మీద కూర్చుని చెమటలు కక్కుతూ రాశాను. అక్కడి గుమాస్తా మంచాయన, ఒక మాట చెప్పాడు. కేసు తేలేదాకా ఫ్రిజ్‌ని వేరేవాళ్ళతో బాగు చేయించొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, అదే సాక్ష్యం అన్నాడు.

అంటే ఇంకోటి కొనుక్కుందామన్నా పెట్టే చోటు లేదు. దీన్ని తీసెయ్యలేను, దీంతో పని చెయ్యలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నంగనాచి.

బేకరీ ఆవిడ డిసెంబర్ ఒకటిదాకా ఆగుతానంది. ఆ తర్వాత ఇంకెవరినైనా చూసుకుంటుందట. తప్పేముంది.

ఆగస్టు 11

రేపు వాయిదా. కంపెనీ జవాబు ఇవాళ చదివాను. ఈవిడ కేకులు అమ్ముతుంది కాబట్టి వ్యాపారస్తురాలు, వినియోగదారు కాదు, కేసు కొట్టెయ్యండి అని రాశారు.

ఈయన నన్ను కూర్చోబెట్టి ఉపాయం చెప్పారు. హాబీ అని చెప్పెయ్, ఊరికే ఇంట్లోవాళ్ళకి చేస్తానని చెప్పెయ్, కేసు గెలిచేస్తావు అన్నారు. మంచికే చెప్పారు, తెలుసు. కానీ ఆ మాట అక్కడ చెప్పేస్తే ఆ కిటికీ దగ్గర నిలబడే హక్కు నాకేముంటుంది?

ఆగస్టు 12

చెప్పలేదు. కమిషన్ అధ్యక్షురాలు అడిగితే లేచి నిలబడి, అమ్ముతానండి, అది నా బతుకుతెరువు, నా రెండు చేతులతో నేనే చేస్తాను, పనివాళ్ళు ఎవరూ లేరు అన్నాను. కంపెనీ లాయరు చూశారా అన్నట్టు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి, సొంత కష్టంతో బతకడానికి కొనుక్కున్నవాళ్ళు వినియోగదారులేనని మీకు తెలీదా అంది.

కేసు నిలిచింది. కూర్చున్నాను.

సెప్టెంబర్ 26

కమిషన్ పంపిన నిపుణుడు వచ్చి యంత్రమేదో లోపల పెట్టి రెండు రోజులుంచాడు. అతనూ పీతలాగే వచ్చాడు, పీతలాగే వెళ్ళాడు. కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తోంది, తయారీ లోపమే అన్నాడు. నా బిళ్ళ గిన్నె చూపిస్తే చాలాసేపు చూసి నవ్వాడు. అత్తయ్య ఈసారి కూడా, టీ పెట్టవే అమ్మాయ్ అంది.

అక్టోబర్ 30

గెలిచాను!

పాత ఫ్రిజ్ తీసుకుని కొత్తది ఇవ్వాలి, కేసు ఖర్చులు కూడా ఇవ్వాలి. తీర్పు రెండుసార్లు చదివాను, మూడోసారి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ సగంలో నిద్రపోయింది. బేకరీ ఆవిడకి ఫోన్ చేశాను. సరే, డిసెంబర్ ఒకటికి కిటికీ తుడిపించి పెడతానంది.

నవంబర్ 24, మధ్యాహ్నం 12.30

ఇది వంటింట్లో నేల మీద కూర్చుని రాస్తున్నాను. ఎందుకంటే బయటికి రాలేను.

కొత్త ఫ్రిజ్ వచ్చింది. కిందే, వ్యానులో ఉంది. పాతది చేతికిస్తేనే కొత్తది దింపుతారట. ఇద్దరు మనుషులు వచ్చి నంగనాచిని పట్టుకుని సందులోకి తోశారు. పట్టలేదు. తలుపులు ఊడదీశారు. ఇంకొంచెం వెళ్ళింది, గోడల మధ్య సీసా మెడలో బిరడాలా బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు. వాళ్ళిద్దరూ హాల్లో, నేను వంటింట్లో. పెద్దాయన అవతల్నించి అడిగాడు, అమ్మా, ఇది లోపలికెలా వచ్చింది అని. గోడ తర్వాత వచ్చిందని చెప్పాను. ఇద్దరూ పకపకా నవ్వారు.

వాళ్ళకి వేరే డెలివరీలు ఉన్నాయట. కొత్తదాన్ని మళ్ళీ గోడౌన్‌కి తీసుకెళ్తారట. సారొచ్చాక దారి చేసి రేపు ఫోన్ చెయ్యండి, రేపు కాకపోతే కంపెనీవాళ్ళు మీరే పాతది ఇవ్వలేదని రాసుకుంటారు అని వెళ్ళిపోయారు. ఈయనకి ఫోన్ చేశాను. ఎవరింట్లోనో బాత్రూము కొలుస్తున్నారట.

2.30

కిటికీకి ఊచలు. బయట పక్కింటి వెనక గోడ. ఇన్నేళ్ళలో ఈ వంటింట్లో ఊరికే కూర్చోవడం ఇదే మొదటిసారి.

కూర్చుంటే ఒక సంగతి తట్టింది. గోడ కట్టాక నేను పెద్ద కేకు ఒక్కటీ చెయ్యలేదు. మూడంతస్తుల పెట్టె ఈ సందులో అడ్డంగా పట్టదు, ఏటవాలుగా తిప్పితే క్రీము జారుతుంది. ఎవరైనా పెద్దది అడిగితే, చిన్నది రుచిగా ఉంటుందండి అని నేనే నచ్చజెప్పి పంపేశాను. ఎవరూ వద్దనలేదు నన్ను. నేనే సందుకి సరిపోయేవే చేస్తూ వచ్చాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, చూసేవాళ్ళెవరు.

5.30

ఈయన వచ్చారు. ఫ్రిజ్ వెనకనుంచి గొంతు మాత్రం వినిపిస్తోంది. ముందు కంగారు పడ్డారు, తర్వాత నాకు పని చెప్పారు. నువ్వు అటునుంచి లాగు, నేను ఇటునుంచి తోస్తాను, మళ్ళీ వంటింట్లోకి వచ్చేస్తుంది, తర్వాత తీరిగ్గా ఆలోచిద్దాం అన్నారు.

లాగను అన్నాను.

వినపడలేదనుకుని మళ్ళీ చెప్పారు. లాగను, గోడ కొట్టండి అన్నాను. ఒకసారి వెనక్కి వచ్చిందంటే ఇక ఈ ఇంట్లోంచి ఎప్పటికీ బయటపడం, అదీ, నేనూ. సిమెంటు, ఇటుకలు, ఎంత కష్టపడి కట్టానో తెలుసా అన్నారు. తెలుసు, నన్ను నిలబెట్టి కట్టారు అన్నాను. అవతల నేల మీద కూర్చున్న చప్పుడైంది. అటు ఆయన, ఇటు నేను, మధ్యలో ఫ్రిజ్ వీపు.

అప్పుడు తెచ్చారు అసలు మాట. నీ పంతం సరే, బాత్రూము తలుపుకి ఫ్రిజ్ అడ్డం పడింది, అమ్మ మధ్యాహ్నంనుంచి వెళ్ళలేదు, ఆవిడ సంగతేంటి అన్నారు. నిజమే. లేచి ఫ్రిజ్ మీద రెండు చేతులూ వేశాను. లాగబోయాను.

అత్తయ్య గొంతు హాల్లోంచి ఇల్లెగిరిపోయేట్టు వినిపించింది. లాగకే అమ్మాయ్, నేను ఆపుకుంటాను అంది. తర్వాత కొడుకుని అందుకుంది. ఒరేయ్, నాకోసం కట్టిన గోడ, నేనే చెప్తున్నా, కొట్టు, తొందరగా కొట్టు, ఆలస్యమైతే నీ సామాన్ల గదిలోకే వెళ్తాను, తర్వాత నన్ననొద్దు అంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచొచ్చి, ఇల్లు గెలవడానికి ఎనభై ఏళ్ళ ముసలావిడ సాయం పట్టింది.

సుత్తి దెబ్బ పడింది. రాయడం ఆపుతున్నాను. దుమ్ము.

నవంబర్ 25

నంగనాచి వెళ్ళింది. మెట్లు దిగుతుంటే పైనుంచి చూశాను. జాలేసింది, ఎందుకో.

కొత్తది వచ్చింది. గోడ లేని బాత్రూములో అత్తయ్య దుప్పటి చాటున స్నానం చేస్తోంది. దుప్పటి నేను పట్టుకుంటున్నాను. ఈవిడ స్నానం చేస్తూ పాడుతుందని ఇన్నాళ్ళూ తెలీదు.

డిసెంబర్ 1

కిటికీ దగ్గర నిలబడ్డాను. బస్టాపులోంచి ఒక పిల్లాడు వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. మూడంతస్తులు చేశాను.

డిసెంబర్ 3

ఈయన సామాన్ల గది సగం ఖాళీ చేశారు. చెప్పకుండానే చేశారు. ఇటుకలొచ్చాయి. సుద్దముక్క పట్టుకుని, ఏమోయ్, ఒకసారిలా వచ్చి నిలబడు అన్నారు.

నిలబడ్డాను. రెండు చేతులూ బార చాపి.

ఈయన ఆ చివరా ఈ చివరా చూశారు. గియ్యండి అన్నాను.